పీవీ అంతిమయాత్ర జ్ఞాపకాలు రికార్డు చేయాలనుకునేవాళ్లకు

పి.వి.నరసింహారావు 2004 డిసెంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో కన్నుమూశారు. 25న హైదరాబాద్‌లో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు పక్కన, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆ రోజు అక్కడికి వెళ్లినవాళ్లు, డ్యూటీ చేసినవాళ్లు, ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లు, కావాలని టీవీ కట్టేసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. కానీ ఏటేటా తగ్గిపోతున్నారు. అప్పుడు యాభై ఏళ్లున్న మనిషికి ఇప్పుడు డెబ్బై దాటాయి. మీ ఇంట్లోనో మీ వాడకట్టులోనో అలాంటివాళ్లుంటే వాళ్ల మాటలు రికార్డు చేసి పెట్టండి. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను, హన్మకొండలో ఉంటాను, కొన్నేళ్లుగా ఇదే పని మీద తిరుగుతున్నాను. నాకు పనికొచ్చిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ఈ అంతిమయాత్రతో ఒక చిక్కుంది. జరిగినదానికంటే జరగనిదే ఎక్కువమందికి గుర్తుంది. ఢిల్లీలో 24 అక్బర్ రోడ్డులోని కాంగ్రెస్ కార్యాలయం బయట ఆయన భౌతికకాయం ఉన్న వాహనం ఆగింది, లోపలికి మాత్రం వెళ్లలేదు. కుటుంబం ఢిల్లీలోనే అంత్యక్రియలు జరపాలనుకుందని, కాంగ్రెస్ పెద్దలు హైదరాబాద్‌కు ఒప్పించారని కుటుంబ సభ్యులు తర్వాత బహిరంగంగానే చెప్పారు. గేటు ఎందుకు తీయలేదన్న దాని మీద ఎవరి వాదన వాళ్లది. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో, టీవీ చర్చల్లో, ఎన్నికల సభల్లో ఈ ముచ్చట మళ్లీ మళ్లీ వచ్చింది. అందుకే మీరు రికార్డు నొక్కగానే మొదట వచ్చేది ఆ గేటు సంగతే. చెప్పే మనిషి అప్పుడు ములుకనూరులో వరి పొలంలో ఉన్నా సరే, అక్బర్ రోడ్డు గురించే చెబుతాడు. దాన్ని అడ్డుకోకండి, పూర్తిగా చెప్పనివ్వండి. అది కూడా ప్రజల జ్ఞాపకమే. అయితే మీరు వెళ్లింది దాని వెనక ఉన్నదాని కోసం అని మరచిపోవద్దు: ఆ మూడు రోజులు ఈ మనిషి ఎక్కడున్నాడు, ఏం చూశాడు, ఎవరితో ఏమన్నాడు.

ముందు ఒక పేజీ తేదీలు

ఎవరి దగ్గరికీ ఉత్త చేతులతో వెళ్లకండి. ఒక తెల్లకాగితం మీద తేదీలు రాసి నోట్‌బుక్‌కు అంటించుకోండి. 1971 నుంచి 73 వరకు ముఖ్యమంత్రి, భూసంస్కరణలు, జై ఆంధ్ర ఉద్యమం. 1984లో సిక్కుల ఊచకోత జరిగినప్పుడు కేంద్ర హోంమంత్రి. 1991లో ప్రధాని, ఆ ఏడాదే నంద్యాల ఉపఎన్నిక, ఆర్థిక సంస్కరణలు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత. 2000లో జేఎంఎం (ఝార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీల ముడుపుల కేసులో కింది కోర్టు శిక్ష, 2002లో ఢిల్లీ హైకోర్టులో నిర్దోషిగా విడుదల. ఎదుటి మనిషి "మా భూములకు ఎసరు పెట్టిండు" అన్నప్పుడు, "మా నంద్యాల నుంచే కదండీ ప్రధాని అయింది" అన్నప్పుడు ఏ కాలం సంగతో మీకు వెంటనే అందాలి. అందకపోతే మీ ముఖం చూసి వాళ్లు తగ్గించి చెబుతారు.

చివరి నాలుగు రోజులను మాత్రం వారాలతో సహా రాసుకోండి. 23 గురువారం మరణం. 24 శుక్రవారం ఢిల్లీ నుంచి విమానంలో హైదరాబాద్, అంటే బేగంపేట విమానాశ్రయం, శంషాబాద్ అప్పటికి లేదు. 25 శనివారం క్రిస్మస్. పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబ్లీహాల్‌లో చివరిచూపు, అక్కణ్నుంచి సాగర్ ఒడ్డు, ప్రధాని మన్మోహన్ సింగ్ రాక. 26 ఆదివారం పొద్దున సునామీ.

ఆ చివరిది చాలా ముఖ్యం. చితి ఆరకముందే సముద్రం మీదకొచ్చి పడింది, మన రాష్ట్ర తీరంలోనే వందమందికి పైగా చనిపోయారు. పత్రికలు, టీవీలు ఒక్కసారిగా అటు తిరిగిపోయాయి. అందుకే పీవీ అంత్యక్రియలు చాలామంది మనసులో సగంలో తెగిపోయినట్టుంటాయి. కానీ తేదీ గుర్తు చేయడానికి దీన్ని మించిన ఆసరా లేదు. "2004 డిసెంబరులో ఎక్కడున్నారు" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "సునామీకి ముందురోజు, క్రిస్మస్ నాడు ఏం చేశారు" అని అడగండి. మచిలీపట్నం వైపు వాళ్లయితే సునామీ నుంచి వెనక్కి వస్తారు. చర్చికి వెళ్లే కుటుంబాలు క్రిస్మస్ నుంచి మొదలుపెడతాయి. ఇంట్లో ధనుర్మాసం పూజ చేసుకునే అమ్మలకు ఆ పొద్దుటి ముగ్గు నుంచి గుర్తొస్తుంది.

ఎవరిని అడగాలి

నాయకుల దగ్గరికి వెళ్లకండి. వాళ్లు చెప్పేది ఇప్పటికే అచ్చయింది, పైగా పార్టీ మారినప్పుడల్లా ఆ మాట కూడా మారింది. వేదిక మీద లేనివాళ్లు కావాలి మనకు.

ఆయన పెరిగిన వంగరలో, పుట్టిన లక్నేపల్లిలో వయసు మళ్లినవాళ్లు. జూబ్లీహాల్ క్యూలో నిలబడినవాళ్లు. ఆ రోజు బస్సులు నడిపిన ఆర్టీసీ డ్రైవర్లు. ఒడ్డున ఊడ్చి నీళ్లు చల్లిన మున్సిపల్ కార్మికులు (అప్పటికి జీహెచ్‌ఎంసీ లేదు, ఎంసీహెచ్ అని అడగండి, వాళ్లకు వెంటనే తెలుస్తుంది). పూలదండలు కట్టినవాళ్లు, టెంట్ హౌస్ వాళ్లు. ఆయన ప్రారంభించిన సర్వేల్ గురుకులంలో చదువుకున్నవాళ్లు. నంద్యాలలో ఆయనకు ప్రచారం చేసినవాళ్లు.

నాకు అందరికంటే ఎక్కువ చెప్పింది బందోబస్తులో ఉన్న పోలీసులు. రిటైరైన ఒక కానిస్టేబుల్‌ను సాగర్ ఒడ్డున ఏం చూశారని అడిగాను. ఆయన మాట ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను: "నేను చితిని చూడలే మేడమ్. మా మొఖం జనం దిక్కుంటది, ఈపు చితి దిక్కుంటది. జనం మొఖాలు చూసి అర్థమయింది, అంటుకున్నదని." ఆ ఒక్క వాక్యంలో అంత్యక్రియలు ఎటువైపు నుంచి కనిపించాయో తేలిపోయింది. జనం ముఖాలు ఎలా ఉన్నాయో ఆయన చాలాసేపు చెప్పారు. ఎవరు ఏడ్చారు, ఎవరు మెడలు నిక్కించి పెద్దవాళ్ల కార్లు చూస్తున్నారు, చలికి మఫ్లర్ చుట్టుకున్న ఒక ముసలాయన పదేపదే దండం ఎలా పెట్టాడు. పక్కనే కూర్చున్న కొడుకు మాత్రం "మా నాన్న దగ్గర నుంచి చూసిండు మేడమ్, మంట పెట్టేదాక" అని మధ్యలో అందుకున్నాడు. ఇలాంటప్పుడు కొడుకును ఖండించకండి, తండ్రిని ఇబ్బంది పెట్టకండి. రెండు మాటలూ రికార్డులో ఉంటాయి. రాసేటప్పుడు ఎవరి మాట ఏదో విడివిడిగా గుర్తు పెట్టండి, చాలు.

వెళ్లనివాళ్లను కూడా తప్పకుండా అడగాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే మీ దగ్గర మిగిలేది సంతాపసభ మాత్రమే. హైదరాబాద్ పాతబస్తీలో ఆ పేరు వినగానే 1992 డిసెంబరే గుర్తొచ్చే ఇళ్లు ఉన్నాయి. 1984లో ఢిల్లీలో తమవాళ్లను పోగొట్టుకున్న సిక్కు కుటుంబాలకు ఆయన అప్పటి హోంమంత్రి. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు మూతపడి రోడ్డున పడ్డ కార్మికులు సంస్కరణలంటే ఇంకో మాట చెబుతారు. భూమి పోయిన కుటుంబాల్లో కోపం మూడోతరానికి కూడా చేరింది. అదే భూసంస్కరణల వల్ల పట్టా చేతికొచ్చిన ఇల్లు ఆ పక్క వీధిలోనే ఉంటుంది.

వీళ్ల దగ్గర "ఆయన మీద మీ అభిప్రాయం ఏమిటి" అని మొదలుపెడితే పని చెడుతుంది. ఆ ప్రశ్నకు జవాబు అందరి దగ్గరా తయారుగా ఉంటుంది, అది పత్రికలో చదివిన జవాబు. "ఆ రోజు మీ గల్లీ ఎట్లుండె? దుకాణాలు తెరిచి ఉన్నాయా? ఇంట్లో టీవీ పెట్టారా?" అని అడగండి. పాతబస్తీలో ఒక చాచా దగ్గర నాకు దొరికింది ఇదే. తాను దుకాణం మూయలేదని, గిరాకీ మామూలుగానే ఉందని, సాయంత్రం పక్క దుకాణం రేడియోలో వార్త వస్తుంటే లేచి లోపలికి వెళ్లానని చెప్పారు. ఎందుకు లేచారని నేను అడగలేదు. కాసేపు ఊరుకున్నాక ఆయనే 1992 చలికాలం గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఉర్దూ మీకు సరిగా రాకపోతే తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. సగం తెలుగులో చెప్పించుకుంటే సగం బాధే బయటికి వస్తుంది.

నా మనసులో ఆయన మీద గౌరవం ఉంది, మా ప్రాంతంలో భూమి కదిలింది ఆయన పూనికతోనే. బాబ్రీ విషయంలో ఆయన చేయనిదాన్ని నేను క్షమించలేను. ఈ రెండూ నాతోపాటే ఉంటాయి. కానీ ఎదుటివాళ్ల రికార్డింగులో నా గొంతు ఏ వైపుకూ వినపడకూడదు. "అవును, పాపం" అని మీరు అనగానే చెప్పేవాళ్లు మిమ్మల్ని సంతోషపెట్టడానికి చెప్పడం మొదలుపెడతారు. "ఊఁ" అని తలూపితే సరిపోతుంది.

చూసింది, విన్నది, తర్వాత తెలిసింది

నోట్‌బుక్ పేజీని మూడు నిలువు గళ్లు చేసుకోండి. మొదటిదాంట్లో కళ్లారా చూసింది, రెండోదాంట్లో ఆ రోజుల్లోనే ఎవరో చెప్పగా విన్నది, మూడోదాంట్లో ఏళ్ల తర్వాత తెలిసింది. మాట వస్తుండగానే గడిలో పడేయండి. అనుమానముంటే అక్కడే మెల్లగా అడగండి: "ఇది మీరు ఆ రోజు చూసిందా తాతా, టీవీలో చూసిందా?"

దీనికి గట్టి పరీక్ష ఆ రాత్రి చితి సంగతి. శరీరం పూర్తిగా కాలలేదని, దగ్గర ఎవరూ లేరని టీవీలో దృశ్యాలు వచ్చాయి, దాని మీద పెద్ద వివాదం రేగింది. అది జరిగిన సంగతి. కానీ "నేను చూసిన" అనేవాళ్లలో చాలామంది ఆ రాత్రి సాగర్ ఒడ్డున లేరు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. టీవీలో చూసి, ఏడ్చి, పదిమందికి చెప్పి, ఆ బాధ తమదైపోయింది. కాబట్టి ఏ చానల్, ఎవరింట్లో, పక్కన ఎవరున్నారు అని అడగండి. 2004లో ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లు కొన్నే. ఎవరి గడపలో నిలబడి చూశారో చెప్పగలిగితే ఆ జ్ఞాపకం అప్పటిదే. "వీ6లో చూసిన" అంటే ఆ చానల్ వచ్చింది 2012లో, కాబట్టి చూసింది పాత దృశ్యాల పునఃప్రసారం. "సాక్షి పేపర్‌లో ఫొటో వచ్చింది" అంటే ఆ పత్రిక మొదలైంది 2008లో. యూట్యూబ్ కూడా 2005 తర్వాతి మాటే. ఇవేవీ వాళ్ల ముఖం మీద చెప్పకండి. మూడో గడిలో రాసి పక్కన ఒక చుక్క పెట్టుకోండి.

ఇంకో రెండు కలగాపులగాలు తరచూ వస్తాయి. 1996లో ఎన్టీఆర్ చివరిచూపుకు పోటెత్తిన జనం చాలామంది జ్ఞాపకంలో పీవీ యాత్రలోకి వచ్చేస్తుంది. అలాగే ముఖ్యమంత్రి ఎవరన్నది. అప్పుడు ఉమ్మడి రాష్ట్రం, వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి. కేసీఆర్ అప్పటికి కేంద్రమంత్రి. కేసీఆర్ ముఖ్యమంత్రిగా ఘనంగా జరిపిన 2020-21 శతజయంతి ఉత్సవాలను చూసినవాళ్లకు ఈ వరస తారుమారవుతుంది. నెక్లెస్ రోడ్డు పక్కన ఆయన స్మారకం జ్ఞానభూమిలో ఏటా జరిగే జయంతి, వర్ధంతి సభలకు వెళ్లేవాళ్లకు మొదటి రోజు సంగతి, తర్వాతి సభల సంగతి కలిసిపోతాయి. "అప్పుడు అక్కడ కట్టడం ఉందా, ఉత్త నేలా?" అని ఒక్క ప్రశ్న వేయండి.

"ప్రధానుల్లో ఢిల్లీలో జాగా దొరకనిది మనాయనకొక్కడికే" అన్న మాట మీకు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. మాట వెనక బాధ నిజమైనది, దాన్ని అలాగే రాయండి. మీ వివరణలో మాత్రం మొరార్జీ దేశాయ్ స్మారకం అహ్మదాబాద్‌లో ఉందని, 2008లో వి.పి.సింగ్ అంత్యక్రియలు అలహాబాద్‌లో జరిగాయని చేర్చండి. ఢిల్లీ ఏక్తా స్థల్‌లో పీవీకి స్మారకం 2015లో వచ్చింది, భారతరత్న 2024లో. వీటి తర్వాత రికార్డు చేసిన జ్ఞాపకాలు ముందువాటికంటే మెత్తగా ఉంటాయి. ఆ తేడా తెలియాలంటే ప్రతి రికార్డింగు మీద తేదీ తప్పనిసరిగా వేయాలి.

పత్రికలతో పోల్చి చూడాలంటే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనో మీ జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనో 2004 డిసెంబరు 24 నుంచి 28 వరకు పత్రికలు ఉన్నాయేమో అడగండి. ఒక్క పత్రికతో ఆగొద్దు, వీలైతే ఒక ఉర్దూ పత్రిక కూడా చూపించుకోండి. జిల్లా పేజీలు వదలకండి. ఏ ఊరి నుంచి ఎవరు బయల్దేరారన్నది అక్కడే దొరుకుతుంది.

రికార్డింగు

ఖరీదైన మైకులేమీ అక్కర్లేదు, ఫోన్ చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, చెప్పేవాళ్ల వైపు జానెడు దూరంలో ఉంచండి. స్టీలు బల్ల మీద నేరుగా పెడితే గాజుల చప్పుడు కూడా ఉరుములా వస్తుంది. ఫ్యాన్ ఆపించండి. బోరు మోటారు వేసే వేళ కాకుండా వెళ్లండి. పల్లెలో మధ్యాహ్నం భోజనాలయ్యాక, టీ పెట్టకముందు మంచి సమయం. మనవళ్లుంటే కూర్చోబెట్టండి, వాళ్లు అడిగే ప్రశ్నలు మనకు తట్టవు. టీవీ ఆపమని అడగడానికి మొహమాటపడకండి.

మొదట తేదీ, ఊరు, మీ పేరు చెప్పండి. ఆ తర్వాత వాళ్ల చేత "నా మాటలు రికార్డు చేయడానికి ఒప్పుకుంటున్నాను" అని గొంతుతోనే చెప్పించండి. పేరు వేయాలా వద్దా అడగండి. పోలీసులు, ప్రభుత్వ ఉద్యోగులు వద్దంటారు, వాళ్ల మాట నిలబెట్టండి. వాళ్లు పాత ఫొటోలు బయటికి తీసి చూపిస్తే, వాళ్లింట్లోనే పెట్టి మీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అసలు ఫొటో పట్టుకుపోయి తిరిగివ్వని మనుషులు ప్రతి ఊళ్లోనూ తగిలి ఉంటారు, ఆ భయం వాళ్లకుంటుంది.

ప్రశ్నలు చిన్నవి వేయండి. ఎట్లా తెలిసింది? ఎవరు చెప్పారు? ఏ బస్సెక్కారు? తినడానికి ఏం కట్టుకుపోయారు? క్యూలో మీ ముందు ఎవరు? వంగర నుంచి వెళ్లిన ఒక అవ్వను లోపల ఎంతసేపు ఉన్నారని అడిగాను. "ఉండనిస్తరా బిడ్డా? నడువు నడువు అన్నరు. మొఖం చూసిన్నో లేదో, బయట పడ్డ. బయటికొచ్చినంక ఏడ్సిన" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇలాంటప్పుడు ఇంకో ప్రశ్న వేయాలనిపిస్తుంది, వేయకండి. ఆమె తిరిగి మాట్లాడినప్పుడు చెప్పింది అంత్యక్రియల గురించి కాదు, ముఖ్యమంత్రి కాకముందు ఆయన వాళ్ల వాకిట్లో మంచం మీద కూర్చుని పొలాల సంగతి అడిగిన రోజు గురించి. అది రికార్డింగులో అన్నిటికంటే విలువైన భాగం.

రాసుకోవడం, దాచుకోవడం

విన్నది రాసేటప్పుడు యాస సరిదిద్దకండి. "ఏడ్సిన" అంటే "ఏడ్సిన" అనే రాయండి. "గేటు తియ్యలే" అన్న మాటను "ద్వారం తెరవలేదు" అని రాస్తే అది ఆ అవ్వ చెప్పిన మాట కాదు. మీ వివరణలన్నీ చదరపు బ్రాకెట్లలో వేరుగా పెట్టండి. గంట రికార్డింగు రాయడానికి ఒక పూట పైనే పడుతుంది. ఫోన్లో గొంతును అక్షరాలుగా మార్చే యాప్‌లు మన మాండలికం దగ్గర తడబడతాయి, వాటి మీద పూర్తిగా ఆధారపడకండి.

ఫైలు పేరులో సంవత్సరం, నెల, రోజు, ఊరు, చెప్పినవాళ్ల పొట్టి పేరు ఉండాలి. ఒక కాపీ ఫోన్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే ఇంట్లో. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, గ్రూపుల్లో మాత్రం వేయకండి. ఇది రాజకీయంగా ఇంకా వేడిగా ఉన్న విషయం. గంట మాటల్లోంచి పదిసెకన్లు కత్తిరించి ఎన్నికల వేళ తిప్పేవాళ్లు ఉంటారు, ఆ అవ్వకు తన గొంతు అలా తిరుగుతోందని కూడా తెలియదు.

రాసింది ప్రింటు తీసి, వారంలోపల వాళ్లింటికి తీసుకెళ్లి చదివి వినిపించండి. అక్కడ కొన్ని మాటలు మారుస్తామంటారు. కొందరు కోపంగా అన్న మాట తీసేయమంటారు. కొందరు మొదటిసారి చెప్పనిది అప్పుడు చెబుతారు. మొదటి ప్రతి మీద కొట్టివేయకుండా కొత్త మాటను కింద తేదీతో వేరుగా రాయండి. తీసేయమన్న భాగాన్ని మాత్రం బయటికిచ్చే ప్రతిలోంచి నిజంగానే తీసేయండి. ఒక ప్రతి వాళ్లకే ఇచ్చి, ఇంట్లో చదవడం వచ్చినవాళ్ల చేతిలో పెట్టండి. ఊరి గ్రంథాలయానికి, బడికి ఇవ్వాలా అన్నది వాళ్లను అడిగాకే.